ఎం.ఏ. ఫిలాసఫీ ఎక్కడ చదవాలి? ముందు మీ కాగితం చదివేదెవరో కనుక్కోండి

వేసవి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఫిలాసఫీలో ఎం.ఏ., పీహెచ్‌డీ చేసినవాళ్లు తక్కువ కాబట్టి ఎవరో ఒకరు నా నంబరు ఇస్తారు. అటువైపు డిగ్రీ చివరి సంవత్సరం చదివే పిల్ల ఉంటుంది, లేదంటే వాళ్ల నాన్న ఉంటాడు. ప్రశ్న మాత్రం మారదు: "మేడమ్, ఫిలాసఫీకి ఏ యూనివర్సిటీ మంచిది?" ఒక్క పేరు చెప్తే కాగితం మీద రాసుకుని ఫోన్ పెట్టేద్దామని చూస్తారు. ఆ ఒక్క పేరు నేను చెప్పను. ఏ పేరు చెప్పినా అడిగినవాళ్లలో సగం మందికి అది పనికిరాని సలహా అవుతుంది.

నేను తిరిగి అడిగేది ఒకటుంది. నువ్వు పది పేజీలు రాసి ఇస్తే, పెన్సిల్ పట్టుకుని ఆ పది పేజీలూ చదివే మనిషి అక్కడ ఎవరు? ఆ మనిషి ఉన్నాడని తేలితే యూనివర్సిటీ పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు. లేడని తేలితే మాత్రం ఎంత పేరున్న చోటైనా డబ్బు కట్టేముందు ఆగమంటాను.

ఎందుకంత పట్టుదల అంటే, మా సబ్జెక్టు స్వభావం అలాంటిది. కెమిస్ట్రీ పిల్లలకి ల్యాబ్ కావాలి. చరిత్ర పిల్లలకి రికార్డులున్న ఆఫీసులు, శాసనాలు కావాలి. ఫిలాసఫీకి కావలసిన పుస్తకాలు ఇవాళ ఫోన్లోనే దొరుకుతున్నాయి. ప్లేటో, కాంట్, శంకరభాష్యం, నాగార్జునుడు, ఏది కావాలన్నా పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. ఉపన్యాసాలూ అంతే, యూట్యూబ్‌లో వందలున్నాయి. ఇంట్లో కూర్చుని సంపాదించుకోలేనిది ఒక్కటే. మనం "కాబట్టి" అని రాసిన చోట వేలు పెట్టి, "ఇది ఎక్కడ్నించి వచ్చింది?" అని అడిగే మనిషి. రెండేళ్లు హాస్టల్లో ఉండి, ఇల్లు వదిలి, ఫీజు కట్టి మనం కొనుక్కునేది ఆ మనిషి సమయం.

ఇది ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. నేను ఎం.ఏ. చదివేటప్పుడు నా పక్కగది అమ్మాయి మన పాతకాలపు భౌతికవాదులు చార్వాకుల మీద ఒక వ్యాసం రాసింది. చార్వాకులు ప్రత్యక్షాన్ని, అంటే కంటికి కనబడేదాన్ని తప్ప, అనుమానాన్ని, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని ఊహించడాన్ని, ప్రమాణంగా ఒప్పుకోరని మనందరం పరీక్షలకి చదువుకున్నదే. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని నువ్వు అన్ని చోట్లా, అన్ని కాలాల్లో చూశావా, చూడలేదు, అలాంటప్పుడు ఆ వ్యాప్తి, అంటే ఒకటుంటే రెండోది తప్పక ఉంటుందన్న సంబంధం, నీకెలా తెలిసింది అని వాళ్ల ప్రశ్న. మా అమ్మాయి దానికి అందరూ రాసే జవాబే రాసింది: అనుమానం చెల్లదని నిరూపించడానికి చార్వాకుడు వాడింది కూడా అనుమానమే, కాబట్టి అతని వాదం తనంతట తానే కూలిపోతుంది.

కాగితం వారం రోజులకి తిరిగొచ్చింది. ఇంగ్లీషు తప్పులు చాలానే ఉన్నాయి, దిద్దిన మాస్టారు వాటి జోలికి పోలేదు. ఆ "కాబట్టి" చుట్టూ సున్నా చుట్టి, పక్క మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాశారు. చార్వాకుడు అనుమానాన్ని నమ్మనక్కర్లేదు కదా, నువ్వు నమ్ముతున్నావు కాబట్టి నీ ఆయుధంతోనే నిన్ను కొడుతున్నాడేమో చూడు, అప్పుడు అతను తన మాటకి తనే అడ్డం వచ్చినట్టు అవుతాడా? దాని కింద ఇంకో లైను: జయంతభట్టు ఈ విషయంలో ఏమన్నాడో చూడు.

ఇద్దరం లైబ్రరీకి వెళ్లాం. జయంతభట్టు తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర నైయాయికుడు, అంటే న్యాయం అనే మన తర్కశాస్త్రంలో పండితుడు. అతని న్యాయమంజరిలో కాస్త చదువుకున్న చార్వాకులు కొందరు కనిపిస్తారు. వాళ్లు పొగని బట్టి నిప్పుని ఊహించడం లాంటి లోకవ్యవహారంలోని అనుమానాన్ని కాదనరు. ఆత్మ, పరలోకం, దేవుడు లాంటి వాటిని అనుమానంతో సాధిస్తామంటేనే ఒప్పుకోరు. మా అమ్మాయి వ్యాసంలో ఒక్క ముక్కగా ఉన్న చార్వాకం రెండు ముక్కలైంది. ఆ వ్యాసాన్ని మళ్లీ రాసింది. ఆ పదిహేను రోజుల్లో తను నేర్చుకున్నది, నాకు తెలిసి, ఆ సెమిస్టర్ పాఠాలన్నిటికంటే ఎక్కువ.

ఆ రోజు లైబ్రరీలో నాకు ఒంట్లోకి ఏదో వచ్చినట్టయింది, అది వేరే కారణానికి. ఆ పాత ముద్రణ అట్ట తిప్పితే లోపలి పేజీలో "విజయనగరం సంస్కృత గ్రంథమాల" అని ఉంది. 1895, కాశీ. పరిష్కర్త గంగాధరశాస్త్రి తైలంగ. మా ఊరి రాజుల డబ్బుతో కాశీలో అచ్చైన న్యాయగ్రంథం అది. భారతీయ తర్కం మీద ఎక్కడ, ఏ దేశంలో, ఎవరు పని చేసినా ఉపయుక్త గ్రంథాల పట్టికలో ఆ పేరు రాయక తప్పేది కాదు. మాక్స్‌ముల్లర్ సాయణభాష్యంతో కూడిన ఋగ్వేదం రెండో కూర్పు 1890 నుంచి 1892 దాకా వెలువడింది, దాని ఖర్చు మా ఊరి ఆనంద గజపతి రాజుగారిది. గురజాడ ఇక్కడి మహారాజా కాలేజీలోనే బి.ఏ. చదివారు, అందులో ఆయన ప్రధాన విషయం ఫిలాసఫీ. ఇవన్నీ ఊరి గొప్పలు చెప్పుకోవడానికి చెప్పడం లేదు. ఫిలాసఫీ అంటే మనది కాదు, ఢిల్లీవాళ్లదో అమెరికావాళ్లదో అనుకుంటూ బెరుగ్గా ఫోన్ చేసే పిల్లలకి ఇది తెలియాలని చెప్తున్నాను. అయితే ఆ పేరు వల్ల ఇవాళ మన పిల్లల కాగితం ఎవరూ దిద్దరు. అందుకే యూనివర్సిటీల విషయంలో కూడా పాత పేరుని పాత పేరుగానే చూడమంటాను.

ఉదాహరణకి విశాఖ. మనకి దగ్గర్లో ఉన్నది ఆంధ్రా యూనివర్సిటీ. 1926లో పెట్టారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. ఆ తర్వాత తరంలో కొత్త సచ్చిదానందమూర్తిగారు వాల్తేరులో కూర్చుని అద్వైతం మీద రాసింది ప్రపంచం చదివింది. గుంటూరు జిల్లా పల్లెటూరి మనిషి, యూజీసీ ఉపాధ్యక్షుడు దాకా వెళ్లారు. ఆ పేర్లు చెప్పి ఎవరైనా మిమ్మల్ని అక్కడ చేరమంటే, వినండి, నమస్కారం పెట్టుకోండి, ఆ తర్వాత ఇవాళ ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది పర్మనెంటు అధ్యాపకులున్నారు, వాళ్లు ఈ అయిదేళ్లలో ఏం రాశారు అని అడగండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ ఇదే. అక్కడ ఫిలాసఫీ శాఖని మొదలుపెట్టింది రామచంద్ర గాంధీ, ఆక్స్‌ఫర్డ్‌లో పేరున్న ఫిలాసఫర్ స్ట్రాసన్ దగ్గర చదివొచ్చిన మనిషి. మద్రాసులో టి.ఎం.పి. మహదేవన్, కాశీలో టి.ఆర్.వి. మూర్తి. మహానుభావులు. వాళ్లెవరూ మీ కాగితం చదవరు.

ర్యాంకుల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎక్కువ చెప్పడానికి అందులో ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2016 నుంచి ర్యాంకులిస్తోంది. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీ, లా అని విడివిడిగా ఇస్తుంది, ఫిలాసఫీ అని విడిగా లేదు. కాలేజీల, యూనివర్సిటీల నాణ్యత తూచే న్యాక్ గ్రేడు మొత్తం సంస్థది. ఇంజినీరింగ్ పేటెంట్ల వల్ల పైకి లేచిన ర్యాంకు చూసి ఫిలాసఫీలో చేరడం అంటే, పక్కింటి వంట వాసన చూసి మనింట్లో కూర బాగుందనుకోవడమే. బయటి దేశాల్లో ఇంగ్లీషులో పని చేసే ఫిలాసఫీ శాఖలకి గోర్మే రిపోర్ట్ అని ప్రత్యేకంగా ఒకటుంది. 1989లో బ్రయన్ లైటర్ మొదలుపెట్టాడు. అది కూడా అధ్యాపకుల పేర్ల జాబితా చూసి తోటి ఫిలాసఫర్లు ఇచ్చే అభిప్రాయాల సగటు. ఫలానా చోట పరిశోధన ఎవరు బాగా చేస్తున్నారో కొంత తెలుస్తుంది. ఆ మనిషి విద్యార్థికి గంట సమయం ఇస్తాడో లేదో దాంట్లో రాదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: మేడమ్, అందరూ ఫిలాసఫీ చదవడానికే చేరరు కదా, సివిల్స్ కోసం చేరేవాళ్ల సంగతేమిటి? నిజమే. యూపీఎస్‌సీలో ఫిలాసఫీ ఆప్షనల్ సిలబస్ మిగతావాటితో పోలిస్తే చిన్నది, అందుకని చాలామంది ఎం.ఏ.లో చేరి ఆ రెండేళ్లూ హాస్టల్‌నీ లైబ్రరీనీ సివిల్స్‌కి వాడుకుంటారు. దాన్ని నేను తప్పు పట్టను. పేదింటి పిల్లలకి ఢిల్లీలో రెండేళ్లు నిలదొక్కుకోవడానికి అదొక దారి. అలాంటివాళ్లకి నా ప్రశ్న అక్కర్లేదు, వాళ్లు చూడాల్సింది హాస్టల్ సీటు, లైబ్రరీ ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుంది, అంతే. కానీ నిజంగా ఫిలాసఫీ కోసం వెళ్లే పిల్ల, తరగతిలో ముప్పాతికమంది ఇంకో పరీక్షకి చదువుకుంటున్న చోట చేరితే, సెమినార్‌లో తను చెప్పిన మాటకి అడ్డం చెప్పేవాళ్లే ఉండరు. అధ్యాపకులకీ కొన్నాళ్లకి నోట్సు చెప్పడం అలవాటైపోతుంది. అది ముందే కనుక్కోవాలి.

ఎలా కనుక్కోవాలి అంటే, నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఇది. శోధ్‌గంగ అని ఒక వెబ్‌సైటు ఉంది. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు. మీరు చేరదలచుకున్న శాఖ నుంచి ఈ మధ్య వచ్చినవి రెండు తీసుకోండి. మొత్తం చదవనక్కర్లేదు, మూడో అధ్యాయం తెరవండి. ఫలానావారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు అని పేజీలకి పేజీలు నడుస్తోందా, లేక ఎక్కడైనా ఆ రాసిన పిల్ల "ఈ వాదం నిలబడదు, ఎందుకంటే" అని తన గొంతుతో మాట్లాడిందా? మొదటి రకమే కనబడితే ఆ కాగితం మీద పెన్సిల్ పడలేదని అర్థం. చివర ఉపయుక్త గ్రంథాల పట్టిక చూడండి. అన్నీ 1970కి ముందువైతే ఆ గైడు చదవడం ఎప్పుడు ఆపేశారో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత రెండో సంవత్సరం పిల్లలతో మాట్లాడండి. "డిపార్ట్‌మెంట్ బాగుంటుందా?" అని అడిగితే "బాగుంటుంది అక్కా" అంటారు, ఆ ముక్క దేనికీ పనికిరాదు. పోయిన సెమిస్టర్‌లో ఎన్ని వ్యాసాలు రాశావు, వాటిలో ఎన్ని నీ చేతికి తిరిగొచ్చాయి, వచ్చినవాటి మీద మార్కు తప్ప ఇంకేమైనా రాసుందా, వీలైతే ఒక పేజీ ఫోటో తీసి పంపుతావా? ఈ ప్రశ్నలకి అబద్ధం చెప్పడం కష్టం. ఒక పేరున్న యూనివర్సిటీ విద్యార్థి నాకు తెలిసిన పిల్లతో అన్నమాట: "రాసినవి తిరిగివ్వరు, ఆఫీసులో ఎక్కడో ఉంటాయి." అంతకంటే ఇంకేం తెలుసుకోవాలి?

వీలైతే వెళ్లి ఒక సెమినార్‌లో వెనక బెంచీలో కూర్చోండి. మన న్యాయశాస్త్రం చర్చని మూడుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు కూర్చుంటే వాదం. గెలవడానికి కూర్చుంటే జల్పం. తన పక్షమంటూ ఏమీ పెట్టకుండా ఎదుటివాడిది కూల్చడమే పనిగా పెట్టుకుంటే వితండ. సెమినార్‌లో ఒక రీసెర్చ్ స్కాలర్ పేపర్ చదివాక ఏం జరిగిందో చూస్తే ఆ శాఖ ఈ మూడింటిలో దేంట్లో ఉందో అర్ధగంటలో తెలిసిపోతుంది. అందరూ చప్పట్లు కొట్టి టీకి లేచిపోతే, మూడింటిలో ఏదీ లేనట్టు, అది అన్నిటికంటే చెడ్డది. ఒక ప్రొఫెసర్‌గారు తన సహోద్యోగి మీద ఉన్న కోపాన్ని ఆ పిల్లాడి పేపర్ మీద తీర్చుకుంటుంటే అది జల్పం, అక్కడ మీరు నలిగిపోతారు. ఎవరో ఒక ఎం.ఏ. పిల్ల లేచి అడిగిన ప్రశ్నకి పెద్దాయన కాసేపు ఆగి, "నువ్వన్నదాంట్లో పాయింటుంది, నాకు వెంటనే జవాబు తోచట్లేదు" అన్నాడనుకోండి, ఇంక వెతక్కండి, ఫీజు కట్టేయండి.

ఒక్క మనిషిని చూసుకుని చేరకండి అని కూడా చెప్తాను. నా ప్రశ్నకి ఇది అడ్డం కాదు, దానికి కొనసాగింపే. మనకి గురుభక్తి ఎక్కువ. ఒకాయన పుస్తకం చదివి, ఆయన దగ్గరే చదవాలని బయల్దేరతారు. బిమల్ కృష్ణ మతిలాల్ కలకత్తా నుంచి హార్వర్డ్‌కి వెళ్లింది నవ్యన్యాయం, అంటే తర్వాతి కాలపు న్యాయశాస్త్రం, మీద పనిచేసిన డేనియల్ ఇంగాల్స్ దగ్గర చదవడానికే, నిజం. కానీ అక్కడికి వెళ్లాక అమెరికన్ తర్కవేత్త క్వైన్ తరగతుల్లో కూడా కూర్చున్నాడు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఉండి న్యాయశాస్త్రాన్ని పాశ్చాత్య తర్కం పక్కన నిలబెట్టగలిగాడంటే ఆ రెండో గది వల్ల కూడా. ఒక్కరే ఉన్నచోట ఆ ఒక్కరితో పేచీ వస్తే మీకు ఇంకో తలుపుండదు. గైడుగారి పిల్లల్ని స్కూల్లో దింపి, కరెంటు బిల్లు కట్టి, కూరగాయలు తెచ్చి ఏళ్లు గడిపిన రీసెర్చ్ స్కాలర్లని చూశాను. ఆడపిల్లలకి దీంట్లో ఉండే ప్రమాదం ఇంకా పెద్దది. అది మాట్లాడటానికి ఇళ్లలో సిగ్గుపడతారు, నేను పడను. కనీసం ముగ్గురు, మీకు నచ్చిన రంగంలోనో దాని పక్కనో పని చేసేవాళ్లు, అందులో ఒక్కరైనా ఆడమనిషి ఉన్నచోటు చూడండి.

పీహెచ్‌డీ దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే వయసులు కూడా చూసుకోవాలి, మొహమాటం లేకుండా. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి గైడ్ చేయకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. మీరు ఎం.ఏ.లో చేరేనాటికి అరవై ఒకటి దాటిన ప్రొఫెసర్‌గారు, అరవై అయిదుకి రిటైరయ్యే సెంట్రల్ యూనివర్సిటీలో అయినా సరే, మీ ఎం.ఏ. అయ్యేసరికి మిమ్మల్ని తీసుకోలేరు. అవే నిబంధనలతో ఎం.ఫిల్. ఆగిపోయింది. ఒకప్పుడు ఎం.ఏ.కీ పీహెచ్‌డీకీ మధ్య రాయడం నేర్చుకోవడానికి ఒక మెట్టుండేది. ఇప్పుడు ఆ నేర్పంతా ఎం.ఏ.లోనే రావాలి, అందుకే ఎం.ఏ. ఎక్కడ అన్నది ఇదివరకటి కంటే బరువైన నిర్ణయమైంది.

భాష గురించి ఒక్కమాట. మన పిల్లలు చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆలోచన తెలుగులో వస్తుంది, రాయాల్సింది ఇంగ్లీషులో. ఇంగ్లీషు తప్పుని ఆలోచన తప్పుగా చూసే అధ్యాపకుడు ఇలాంటి పిల్లని మొదటి సెమిస్టర్‌లోనే మౌనంగా కూర్చోబెట్టేస్తాడు. ఆ తర్వాత ఆ పిల్ల నోరు తెరవదు. రెండిటినీ విడదీసి చూడగలిగిన చోటు వెతకాలి. ఇది కూడా ఆ పెన్సిల్ గీతల్లోనే తెలుస్తుంది: గీతలు స్పెల్లింగు కింద ఉన్నాయా, వాదం కింద ఉన్నాయా?

దూరం సంగతి. మా జిల్లాల్లో దూరం అంటే హైదరాబాద్, అంతకుమించి ఆలోచన సాగదు. కలకత్తా అంటే వేరే దేశం అన్నట్టు చూస్తారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో నిలబడితే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఇటు సికింద్రాబాద్‌కీ అటు హౌరాకీ వెళ్తుంది, దూరం ఇంచుమించు సమానమే. జాదవ్‌పూర్ యూనివర్సిటీలో న్యాయాన్నీ ఇంగ్లీషు విశ్లేషణ తత్వాన్నీ పక్కపక్కన పెట్టి చదివే సంప్రదాయం ఉంది, ఫీజు కూడా తక్కువ. ఢిల్లీ కావాలంటే సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగానే పోతుంది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల శాసనం 1281 నాటిది మన శ్రీకూర్మం గుడిలో ఉంది. ఉడుపిలో పుట్టిన వాదం ఏడువందల ఏళ్ల కిందట, రైళ్లు లేని కాలంలో, కళింగం దాకా నడిచొచ్చింది. మన పిల్ల స్లీపర్ క్లాసులో ఒక రాత్రి పడుకుని వెళ్లలేదా?

డబ్బు దగ్గరికి వస్తే నా మాట కటువుగా ఉంటుంది. ఫిలాసఫీ ఎం.ఏ. కోసం అప్పు చేయకండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు మోయగలిగేదే. ఆ పైన నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. ఐసీపీఆర్ అని 1977లో పెట్టిన తత్వశాస్త్ర పరిశోధన మండలి ఉంది, అది కూడా ఫెలోషిప్‌లు ఇస్తుంది. అమెరికాలో అయితే మంచి పీహెచ్‌డీ శాఖలు ట్యూషన్ మాఫీ చేసి అయిదేళ్లదాకా స్టైపెండ్ ఇస్తాయి, బదులుగా పాఠాలు చెప్పించుకుంటాయి. అక్కడ కూడా దరఖాస్తులో బరువు తూగేది మీరు పంపే ఇరవై పేజీల వ్యాసమే, అది దిద్దినవాళ్లు లేకుండా తయారవదు. స్టైపెండ్ లేకుండా సీటిచ్చారంటే, ఎంత పెద్ద పేరైనా, వద్దని రాసేయండి. లక్షలు పోసి ఏడాది ఎం.ఏ. చేసొచ్చి, ఆ ఈఎంఐలు కట్టడానికి ఫిలాసఫీ మొత్తంగా వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

ఉద్యోగం ఏమొస్తుంది అన్న ప్రశ్నని నేను ఎప్పుడూ పక్కకి నెట్టను. మొన్న టెక్కలి వైపు నుంచి ఒక తండ్రి కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా మార్చుకోలేదు, టిక్కెట్ల మిషన్ బెల్టు రాసుకుని భుజం దగ్గర రంగు వెలిసి ఉంది. కుర్చీ అంచున కూర్చుని అడిగాడు:

"మేడమ్ గారూ, పాప ఈ సదువే సదువుతానంటంది. సదివితే ఏటొస్తాది? మా ఇళ్లకాడ అందరూ అడుగుతన్నారు, నాకు సెప్పడం రావట్లేదు."

ఉన్నదున్నట్టు చెప్పాను. మన జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ విడి సబ్జెక్టుగా కనబడటం అరుదు. నేను కూడా ఎక్కువగా చెప్పేది మానవ విలువలు, వృత్తి నైతికత అన్న పేపరే. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగమొస్తే మూలవేతనం 57,700తో మొదలవుతుంది, కానీ ఆ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. బాగా రాయడం, ఎదుటివాడి మాటలో బలమెక్కడుందో పట్టుకోవడం వచ్చిన పిల్ల వేరే పనుల్లో కూడా నిలబడుతుంది, అది కూడా ఎక్కడ చదివింది, ఎవరు దిద్దారు అన్నదాని మీదే ఉంటుంది. ఏమీ నేర్పకుండా డిగ్రీ కాగితం ఇచ్చే చోట చేరితే మాత్రం మీ ఇంటి దగ్గరవాళ్లు అడిగే ప్రశ్నకి జవాబుండదు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంజినీరింగ్ సదివిన ఆల్లే మా ఊర్లో కాలీగా ఉన్నారు లెండి" అని, కూతురి వైపు తిరిగి, "మేడమ్ గారు సెప్పినట్టు అన్నీ కనుక్కో అమ్మా, కనుక్కున్నాకే డబ్బులు కడదాం" అన్నాడు.

ఆ అమ్మాయికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి అందరికీ తెలిసిన పేరు, ఇంకోటి చుట్టాలెవరూ వినని పేరు. రెండు చోట్లా రెండో సంవత్సరం వాళ్లని పట్టుకుంది. పెద్ద పేరున్న చోట నుంచి క్యాంపస్ ఫోటోలొచ్చాయి. రెండో చోట నుంచి ఒక కుర్రాడు తన వ్యాసం నాలుగు పేజీలు స్కాన్ చేసి పంపాడు, మార్జిన్‌లు నిండిపోయి ఉన్నాయి. ఒకచోట అయితే అధ్యాపకురాలు రాసినదానికి ఆ కుర్రాడు కిందే జవాబు రాశాడు, దాని కింద ఆవిడ మళ్లీ రాశారు. అది చూశాక ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. వాళ్ల మేనమామ ఇంకా ఒప్పుకోవట్లేదు, పెళ్లి సంబంధాల్లో చెప్పుకోవడానికి పెద్ద పేరే మేలంటున్నాడు. తండ్రి మాత్రం రెండోచోటికే ఫీజు కట్టేశాడు.

తనకి న్యాయం మీద పని చేయాలని ఉంది, దానికి సంస్కృతం కావాలి, రాదు. తరగతులు మొదలయ్యేలోపు నేర్చుకోవాల్సిందే అన్నాను. విజయనగరంలో పిన్ని ఇంట్లో ఉంటూ, సంస్కృత కళాశాలలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారి దగ్గరికి పొద్దున్నే వెళ్తోంది. ప్రస్తుతం సంస్కృతం మొదలుపెట్టేవాళ్లు చదివే శబ్దమంజరిలో ఇకారాంతాల దగ్గరుంది. ఆ యూనివర్సిటీ అధ్యాపకురాలికి తను చేయాలనుకుంటున్నదాని గురించి రెండు పేజీలు రాసి మెయిల్ చేసింది. మూడో రోజు జవాబొచ్చింది. మొదటి పేజీలో వ్యాప్తి గురించి తను రాసిన వాక్యాన్ని ఎత్తి చూపి, ఇది ఒక్క ఉదాహరణతో తేలుతుందా అని ఆవిడ అడిగారు. జవాబు ఏం రాయాలి మేడమ్ అని నిన్న నాకు ఫోన్ చేసింది. అది ఆవిడకే రాయమన్నాను.